చివరి ఇంటి చొక్కా

తను ఆరేయని చొక్కా ఒకటి చివరి ఇంటి తీగ మీద నీళ్ళు కారుతూ కనిపించేసరికి ఇస్త్రీ ఆయన చేతిలోని మూట కింద పెట్టి అటు నడిచాడు.

వరద తగ్గాక ఆ పల్లపు వీధికి తిరిగొచ్చింది తనొక్కడే. ఇంకొన్ని ఇళ్ళ తీగల మీద రోజూ బట్టలు ఆరుతున్నాయంటే అది అతని చేతి చలవే. వరదకు ముందు ఇస్త్రీకి వచ్చిన మూటలు అటక మీద భద్రంగా మిగిలాయి. పొద్దున్నే వాటిని తడిపి, ఎవరి బట్టలు వాళ్ళ పెరట్లో ఆరేస్తాడు. పొద్దువాలగానే తీసేస్తాడు. సగం ఇళ్ళలోనైనా మనుషులుంటేనే వీధిని మళ్ళీ కడతారట. లేదంటే మొత్తం తవ్వేసి, వరద నీళ్ళు నిలవడానికి చెరువు చేస్తారట. ఇవాళే ఆఖరి సర్వే.

మూటలున్న ఇళ్ళన్నీ కలిపినా సగానికి ఒక్క ఇల్లు తక్కువైంది. ఒకరి చొక్కా ఇంకొకరి తీగ మీద వేస్తే సరిపోయేది. కానీ ఇన్నేళ్ళలో ఒకరి బట్ట ఇంకొకరి మూటలో కలపని చెయ్యి, దొంగపనిలో కూడా ఆ పని చేయనంది. చివరి ఇంటాయన ఏనాడూ అతనికి బట్టలు వేసిన పాపాన పోలేదు.

కాలర్ తిప్పి చూశాడు. తను కుట్టే ఎర్రదారం గుర్తు లేదు. అంటే తన మూటల్లోది కాదు. కాగితాలకు పెట్టే నల్ల క్లిప్పుతో తీగకు బిగించి ఉంది. తలుపుకి తాళం.

ఎవరో ఆఫీసు కుర్రాడు అద్దెకు దిగి, పొద్దున్నే పనికి పోయుంటాడు. అలా అనుకోగానే కాళ్ళు ఆగలేదు. ఎదురుగా ఉన్న తన కొట్లోకి పోయి రెండో టీ గ్లాసు కడిగి పెట్టాడు.

"బాబాయ్, వచ్చేశా."

సర్వే మేడమ్ వీధి మొదట్లో నిలబడి ఉంది. గాలికి అట్ట మీద కాగితాలు రెపరెపలాడుతుంటే బొటనవేలితో అదిమి పట్టుకుంది.

"రండమ్మా. అందరూ పనుల మీద పోయారు."

"నేనెప్పుడొచ్చినా పనుల్లోనే ఉంటారు. ఇంత కష్టపడే వీధిని ఎక్కడా చూళ్ళేదు."

"మావాళ్ళు కుదురుగా కూర్చోలేరమ్మా."

"ఈ ఇంటావిడకి ఈ నీలం చీర ఒకటే ఉందా? పోయిన వారమూ ఇదే ఆరింది."

"ఆవిడకి నీలమంటే ప్రాణం."

ఆమె టిక్కు పెట్టింది. ఆ ఇంటి గోడ మీద వరద చార ఆమె తలకంటే ఎత్తులో ఉంది.

"మళ్ళీ ఇన్ని నీళ్ళూ వస్తాయి బాబాయ్. మా ఆఫీసులో అందరూ చెరువే మేలంటున్నారు."

"స్తంభాల మీద ఎత్తి కట్టండి. వాటి దారిన అవి పోతాయి. నీళ్ళు రావడం కాదమ్మా బాధ, మనుషులు..." నాలిక్కరుచుకున్నాడు.

ఆమె విననట్టే నడిచింది. "మా చిన్నప్పటి వీధినీ చెరువే చేశారు. పక్కింటి పిన్ని ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు."

చివరి ఇల్లు వచ్చింది.

"ఇక్కడెవరు?"

ఇంతసేపూ అలవోకగా అబద్ధాలాడిన నోరు తడబడింది. "నిజంగా తెలీదమ్మా. ఒట్టు. ఇవాళే వచ్చినట్టున్నాడు."

"చొక్కా ఉందిగా. మనిషి ఉన్నట్టే." టిక్కు పెట్టింది. "సగం అయింది బాబాయ్. మీ వీధి కడతారు."

ఎగిరి గంతేయాల్సిన మనిషి తాళం వంకే చూస్తున్నాడు.

"టీ తాగి వెళ్ళండమ్మా," అన్నాడు ఎదురుగా తన కొట్టు చూపిస్తూ.

"నేను రాకముందే రెండు గ్లాసులు పెట్టారే. రెండోది ఎవరికి?"

"ఆ చివరింటి అబ్బాయికని కడిగా. వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటా. మాటలు మర్చిపోతానేమోనని ఇన్నాళ్ళూ ఇస్త్రీపెట్టెతో మాట్లాడుతున్నా. అది వేడెక్కుతుంది గానీ బదులు పలకదు." నవ్వాడు. "ఇక ఆ అవసరం లేదు."

వెళ్ళబోతున్నదల్లా ఆమె ఆగింది. వెనక్కి వచ్చి కొట్లో బల్ల మీద కూర్చుంది. క్లిప్పు లేని కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, ఆ రెండో గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"ఎవరి కోసమూ ఎదురు చూడకండి బాబాయ్," అంది తలెత్తకుండా.

"ఆ చొక్కా మా ఆయనది."