మిషను పైన కరపత్రం

ఎవరేం చెప్పినా అమ్మ ఇట్టే నమ్మేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. చివరికి మా యువజన సంఘం కరపత్రాన్ని ఆమె కుట్టుమిషను పైన గోడకు అంటించి, అందులోని మూడు ప్రశ్నలూ బట్టీ పట్టించాను. ఎవరు చెప్పారు? కళ్ళారా చూశారా? చెబితే వాళ్ళకేం లాభం?

"వీటికి జవాబు దొరక్కుండా దేవుడే దిగొచ్చి చెప్పినా నమ్మకు!" అని అరిచేవాణ్ణి.

"సరేలే మేష్టారూ," అని నవ్వేది.

ఈ మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ, అన్నయ్య చొక్కాకి చిరిగిన కాలరు తిరగేసి కుడుతోంది.

"అమ్మా, ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. అన్నయ్య ఇక లేడు."

మిషను ఆగింది. అమ్మ గోడవైపు చూసింది.

"ఎవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పడమేంటమ్మా, నేనే వెళ్ళాను."

"కళ్ళారా చూశావా?"

"చూశాను. మొహం మీద గుడ్డ తీసింది నేనే."

"నాకు చెబితే నీకేం లాభం?"

"ఏ లాభమూ లేదమ్మా," అన్నాను.

అమ్మ లేచి, ఆ కాగితాన్ని చిరగకుండా గోడ నుంచి ఊడదీసింది. వెనక్కి తిప్పి చూసింది. అటువైపు ఖాళీ.

"నాలుగో ప్రశ్న లేదా, నాన్నా?" అంది.