మంత్రిగారి పాత రాయి

మంత్రిగారు వచ్చేలోగా యూనుస్ చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి, ప్రొద్దుటూరు నుంచి ఆరువందల కుర్చీలు తెప్పించాలి. రెండు, స్వాగత ద్వారానికి పులివెందుల నుంచి అరటిచెట్లు గెలలతో సహా తేవాలి. మూడు, మంత్రిగారి రాజకీయ జీవితం మీద వేదికపై చదవడానికి ఒక పేజీ రాయాలి. అందులో 2015 రాకూడదు. నాలుగు, పాత రాయిని మాయం చేయాలి.

నాలుగోది కాగితం మీద లేదు. ఆఫీసరుగారు చెవిలో చెప్పారు.

పదేళ్ల కిందట కోదండపాణిగారు కేంద్రంలో సహాయ మంత్రి. అప్పుడు జమ్మలమడుగు పక్కన ఒక యంత్రాల ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత ఆయన ఒక్కో మెట్టే ఎక్కి, దేశం మొత్తానికి పరిశ్రమల, వాణిజ్య శాఖ మంత్రి అయ్యారు. ఫ్యాక్టరీ మాత్రం పెట్టిన చోటే, ఒక రాయిగా నిలబడిపోయింది. ఇప్పుడు అదే చేలో అదే ఫ్యాక్టరీకి ఆయన చేతులతోనే మళ్ళీ శంకుస్థాపన. పాత రాయి ప్రతిపక్షం చేతికి చిక్కితే నవ్వులపాలే.

ఆ చేలో ఎకరన్నర ఒకప్పుడు యూనుస్ నాయనది. భూమి ఇస్తే ఇంటికో ఉద్యోగం అన్నారు. అది వచ్చేలోపే నాయన పోయాడు. ఇంట్లో మొదటి డిగ్రీ యూనుస్‌దే కాబట్టి చివరికి ఉద్యోగమూ వచ్చింది. మంత్రులు వచ్చినప్పుడు కుర్చీలు వేయించే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. దాని గడువు ఈ నెలాఖరుతో తీరిపోతుంది. రాయి ఎవరి కంటైనా పడిందంటే అంతకుముందే తీరిపోతుంది.

అన్నం తింటూ ఆ సంగతి అమ్మతో చెప్పాడు.

"పగలగొడతారా?" బియ్యం ఏరుతూ అడిగింది దిల్షాద్‌బీ.

"కంకర చేసి రోడ్డు కింద ఏస్తారంట."

"దాని మీద ఏం రాసుందిరా?"

"మంత్రి పేరు. కింద ఏవో చిన్నచ్చరాలుండాయి. అయ్యెవురు చదువుతారుమా?"

"డిగ్రీ చేసినోనివి, నువ్వే చదవకుంటే ఇంగెవురు చదువుతారు?" అని ఆమె మళ్ళీ చేటలోకి వంగింది.

మర్నాడు మధ్యాహ్నం బండలు చెక్కే చాంద్ బాషాను ట్రాక్టరుతో సహా వెంటబెట్టుకుని యూనుస్ చేలోకి పోయాడు. ఆ రాయిని చెక్కింది చాంద్ బాషానే. నాయనకు ప్రాణస్నేహితుడు.

చేలో సిమెంటు దిమ్మె ఉంది. రాయి లేదు.

"మామా! ఎవురో ఎత్తకపోయినారు!"

"దొంగతనానికి వచ్చినోనివి, దొంగతనం జరిగిందని అరుచ్చాండావేందిరా అల్లుడూ?" అన్నాడు చాంద్ బాషా, బీడీ వెలిగిస్తూ.

"పోలీసులకు చెప్పల్ల మామా."

"ఏమని? నేనెత్తకపోదామనుకున్న రాయిని ఇంగొకడు ఎత్తకపోయినాడనా? అయినా నువ్వేం పట్టుకుంటావులే దొంగను! పోయిన షబే బరాత్‌కు మీ నాయన గోరీ అనుకోని పక్కోని గోరీకి సున్నం కొట్టి, పూలు చల్లి, గంటసేపు ఏడ్చినోనివి."

"అన్నీ ఒగటే మాదిరుంటే ఎట్ల తెలుస్తాది మామా?" అని యూనుస్ తల దించుకున్నాడు.

రెండు రోజులు దొంగ కోసం తిరిగాడు. ప్రొద్దుటూరులో ప్రతిపక్షం ఆఫీసు వెనక పాత ఫ్లెక్సీల కింద దూరి చూశాడు. పులివెందుల బస్సులో ఒకాయన గోనెసంచి మరీ బరువుగా కనబడితే వేములలో ఆయన వెంటే దిగి, ఇంటిదాకా పోయాడు. అందులో ఉన్నది రుబ్బురోలు. పైగా ఆయన యూనుస్ చేతనే దాన్ని లోపలిదాకా మోయించుకున్నాడు.

సభ రోజు తెల్లచొక్కా వేసుకుని మంత్రిగారి జీవితం చదివాడు. 2014 నుంచి 2016లోకి ఒక్క గెంతు గెంతాడు. జనంలో ఎవరైనా రాయి ఎత్తి చూపిస్తారేమోనని చివరిదాకా బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఎవరూ చూపించలేదు. కొత్త రాయి మీద తెర తొలగింది. చప్పట్లు మోగాయి.

"శభాష్ యూనుస్! దాన్ని ఎక్కడ దాచావో నాక్కూడా చెప్పొద్దు. ఇంకో ఏడాది నీ ఉద్యోగానికి ఢోకా లేదు. అన్నట్టు, ఆ చొక్కా ఎక్కడ ఉతికిస్తావయ్యా? మెరిసిపోతోంది" అన్నారు ఆఫీసరుగారు.

తాను చేయని దొంగతనానికి మెప్పు మూటగట్టుకుని యూనుస్ ఇల్లు చేరాడు. చొక్కా విప్పి పెరట్లో ఉన్న అమ్మకు ఇవ్వబోయి ఆగిపోయాడు. ఆమె ముందున్నది బట్టలుతికే కొత్త బండ. సబ్బు నురగ జారుతుంటే కింద నుంచి ఒక్కో అక్షరం బయటపడుతోంది. గౌరవనీయులు శ్రీ కోదండపాణి గారు.

"అమ్మా! ఇది..."

"మీ మామనే తెచ్చి ఏసినాడు. మూడు దినాల నుంచి నీ చొక్కా దీని మీదే ఉతుకుతాండా. అచ్చరాలుండేదానికి మురికి శానా బాగా పోతాంది."

రెండు రోజులు ఊళ్ళన్నీ తిరిగి వెతికిన దొంగసొత్తు మీద ఉతికిన చొక్కానే ఇంతసేపూ తన ఒంటిమీద ఉంది! యూనుస్ బండ మీదికి వంగి చూశాడు. అప్పుడు కనిపించింది. బండ కిందిభాగం నున్నగా కోసి ఉంది. చిన్నక్షరాల వరస లేదు.

"కింద ముక్క యాడమా?"

"ఆ ముక్క కోసరమే నేను రాయి తెమ్మనింది. ఇది ఊరికే మిగిలింది." దిల్షాద్‌బీ చేతులు కడుక్కుంది. "రాయి చెక్కిననాడే మీ మామ నా ఏలు పట్టి ఆ అచ్చరాల మీద తిప్పినాడు. నాకు చదువు రాకున్నా అవి తెలుసు. మామ ఎంబడి పో. ఇప్పుడైనా చదువు."

యూనుస్ జాబితాలో పనులన్నీ అయిపోయాయి. మిగిలిన ఐదో పని మీది: మంత్రిగారి పేరు మరిచిపోయినా పర్వాలేదు గానీ, జమ్మలమడుగు ఖబరస్తాన్‌లో ఇన్నాళ్ళూ ఏ గుర్తూ లేని ఒక గోరీకి తలవైపు నిలబెట్టిన ఆ రాతిముక్కను, దాని మీద కొడుకు పదేళ్లు ఆలస్యంగా చదువుకున్న "మొట్టమొదట భూమి ఇచ్చిన రైతు, షేక్ షాహుల్" అనే పేరును మాత్రం గుర్తుపెట్టుకోండి.