పొగ రాని పొయ్యి

“పోయినేడు సర్వేవాళ్లు గీ పొయ్యి గురించి ఎవర్ని అడిగిండ్రు తాతా?”

వికారాబాద్ నుంచి వచ్చిన రచన నా వంటింట్లో పీట మీద కూర్చుంది. మా ఊరికి ఇచ్చిన పొగ రాని పొయ్యిల మీద ఆ సర్వే సరిగా జరిగిందో లేదో చూడడం ఆమె పని.

“సర్వే మీద సర్వేనా? రేపు నీ మీద ఎవరొస్తరు?”

ఆమె నవ్వింది. “చెప్పుండ్రి.”

“నన్నే అడిగిండ్రు. ఇంటి పెద్దను గదా! మస్తుందని చెప్పిన. నా మాట మీదనే ఇంకో మూడూర్లకు గీ పొయ్యిలిస్తరంట.”

“అప్పుడు వంట మీరే చేస్తుంటిరా?”

“నాకేం కర్మ? సంతోషమ్మ ఉండె గదా, నా పెండ్లాం.”

“మరి అవ్వనడిగిండ్రా?”

“ఆమెకు తీరికేడిది? వాళ్లకు చాయ్ పెడుతుండె.”

“గీ పొయ్యి మీదనేనా?”

ఇంతలో ఆ పొయ్యి ఇరుకు మూతి మీద నిలవక, నేను రొట్టె కాలుస్తున్న పెనం మళ్లీ ఒరిగింది. జొన్నరొట్టె బూడిదలో పడింది. సంతోషమ్మ చనిపోయి ఆరు నెలలు; అప్పటి నుంచి రోజూ ఇదే తంతు.

“కాదు. పెరట్ల మూడు రాళ్ల మీద.”

“ఎందుకో మీరడగలేదా?”

రొట్టె తీసి దులిపాను.

“మస్తుందన్న మాట కొట్టెయ్ బిడ్డా. ఆ మూడూర్ల ఆడోళ్లనడుగు. మా ఇంట్ల ఆమెను నేను గూడ అడగలే.”