కదిలితేనే వెలుగు

"సంతకం పెట్టనన్నానుగా సార్!" అంటూ ఆయా పెన్ను ఇంజనీరు చేతికే తిరిగిచ్చేసింది.

ప్రసూతి ఆసుపత్రి ఆవరణలో చీకటి పడుతోంది. ఆవరణ తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. కొత్త దీపాలు సరిగ్గా వెలుగుతున్నాయని సంతకం చేయాల్సిందీ ఆమే.

మున్సిపల్ ఇంజనీరు విసుక్కున్నాడు.

"ఊరంతా ఒకటే రకం దీపాలమ్మా. మనిషి కదిలితే వెలుగుతాయి, లేకపోతే ఆరిపోతాయి. కరెంటు సగానికి సగం ఆదా. బడిలో, పార్కులో కిక్కురుమనకుండా సంతకాలు పెట్టారు. మధ్యలో నీ పేచీ ఏంటి?"

"ఇక్కడ ఎలా పరీక్ష చేశారు?"

"ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిచా. ప్రతిసారీ వెలిగింది."

"ఇప్పుడు కూర్చోండి."

ఆయన గోడవారనున్న బల్ల మీద కూర్చున్నాడు. ఆయా తాళాలగుత్తి గుప్పిట్లో బిగించి, కదలకుండా నిలబడింది. రెండు నిమిషాలకి దీపం ఆరిపోయింది. ఆయన చెయ్యెత్తబోయాడు.

"ఊపకండి!" అంది ఆయా. "లోపల కూతురు కేకలు పెడుతుంటే బయట తల్లి కొయ్యబారిపోయి కూర్చుంటుంది. దీపం కోసం చేతులూపమని ఆమెకి నేను చెప్పను. మీరు చెబుతారా?"

ఆ చీకట్లో పక్క బల్ల మీంచి సన్నగా ఏడుపు వినిపించింది. ఇంజనీరు ఉలిక్కిపడి లేచాడు. దీపం వెలిగింది. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఈవిడ ఎప్పుడొచ్చింది?"

"పొద్దుటి నుంచీ ఇక్కడే ఉంది సార్. మీరు నాలుగుసార్లూ ఆమె ముందునుంచే నడిచారు."