చప్పుడు చేసే డబ్బు

"ఇది కాదమ్మా. దీనికి గొంతు లేదు."

గిన్నెల షావుకారు ప్లాస్టిక్ బిళ్లను గాజు బల్ల మీద వదిలి, చెవి ఒగ్గి విని, పక్కకు తోసేశాడు. ఆటవస్తువుల దుకాణం నడిపే అమ్మాయి ఇంకో పెట్టె తెరిచింది.

"ఇవి చూడండి బాబాయ్ గారూ. లోపల ఇనప రేకుంటుంది. పోకర్ ఆడేవాళ్లు ఎక్కువగా ఇవే పట్టుకెళ్తారు."

"బరువు బాగానే ఉంది. కానీ మరీ నున్నగా ఉన్నాయి. ఎవరి ఒళ్లోకైనా జారిపోతాయి."

మట్టి బిళ్లలు వచ్చాయి. పెంకు మీద పెంకు పడ్డట్టుందని వాటినీ వెనక్కి పంపాడు. చివరికి పింగాణీవి తీసిందా అమ్మాయి. షావుకారు ఒకదాని మీద ఒకటి వదిలాడు.

టక్!

చిన్న చప్పుడే. కానీ పదునుగా, గది చివరిదాకా వెళ్లింది. షావుకారు మొహం విప్పారింది. ఆయన బతుకంతా చెవితోనే వ్యాపారం. గిన్నె మీద వేలితో ఒక్క దెబ్బ వేస్తే చాలు, రేకు ఎక్కడ పలచబడిందో, అతుకు ఎక్కడ పడిందో చెప్పేస్తాడు.

"క్లబ్బేమైనా పెడుతున్నారా?" అమ్మాయి నవ్వింది.

"క్లబ్బా నా మొహమా! ఇంట్లో బిజినెస్ ఆట. ఆదివారం మధ్యాహ్నం అయ్యిందంటే నేను, మా ఆవిడ, కూతురు, అల్లుడు బల్ల చుట్టూ చేరతాం. ఆటలో కాగితం నోట్లు నలిగి గుడ్డపీలికలయ్యాయి."

"కొత్త నోట్లు ఇవ్వనా మరి? చాలా చవక."

"కాగితానికి నోరుండదమ్మా. ఎవరు ఎటు లాగినా చప్పుడవదు." షావుకారు గొంతు తగ్గించాడు. "మా ఆటలో దొంగ పడ్డాడు."

"ఎవరండీ?"

"ఇంకెవరు, అల్లుడే. నా ఎడమపక్క కూచుంటాడు. పాచికలు చూస్తున్నట్టు నటిస్తూ ఓరకంట కనిపెట్టా. బల్ల మీద నోట్ల మీదుగా చెయ్యి పాములా వెళ్లి వస్తోంది. ఒక్కసారి కాదు, చాలాసార్లు."

"అయితే వారం వారం ఆయనే గెలుస్తున్నాడన్నమాట."

"వాడా? గెలిచేది నేను! ప్రతివారం నేనే! దొంగతనం చేసి కూడా ఓడిపోయేవాడి చేతిలో కొట్టు ఎలా పెట్టనమ్మా?"

బాధ అదీ. పక్కవీధిలో రెండో కొట్టు సిద్ధంగా ఉంది. దాన్ని భర్తకు అప్పగించమని కూతురు పోరుతోంది. షావుకారు లెక్క ఆయనకుంది. ఉత్తుత్తి డబ్బు దగ్గర చేతివాటం చూపించేవాడు గల్లాపెట్టె దగ్గర చేతులు కట్టుకుని కూచోడు. ఈ ఆదివారం చప్పుడు కాకపోతే కొత్త కొట్టు తాళాలు అల్లుడివి. చప్పుడైతే మాత్రం తన జేబు దాటవు.

"అంకెలు వేయనివి ఇవ్వు" అన్నాడు. "ఈ ఆటలో వంద అయ్యేది ఇంకో ఆటలో పది అవ్వొచ్చు. ఒక రంగువి మాత్రం ఎక్కువ పెట్టు. ఎప్పుడైనా ఎక్కువ చేతులు మారేది చిల్లరే."

"పెట్టెకు వేరే ధరండీ."

"గిన్నె కొన్నవాడి దగ్గర నేను మూతకు వేరే తీసుకుంటున్నానా?"

పెట్టె ఊరికే వచ్చింది.

ఆదివారం ఆ బిళ్లలు బల్ల మీద పొయ్యగానే ముగ్గురి మొహాలూ వాడిపోయాయి.

"కాగితాలకేం వచ్చిందండీ? హాయిగా ఉండేవి" అంది భార్య.

"వీటి గోలకి తలనొప్పి వస్తుంది నాన్నా" అంది కూతురు.

అల్లుడు ఒక బిళ్ల ఎత్తి ఇంకోదాని మీద వదిలాడు. టక్! వేళ్లు వెనక్కి తీసుకున్నాడు. "బాగా... వినబడుతున్నాయి మావయ్యా."

"అందుకేగా తెచ్చింది!"

షావుకారు ఎప్పటిలాగే వెనకాముందూ చూడకుండా స్థలాలు కొన్నాడు, ఇళ్లు కట్టాడు. కానీ ఎక్కడ అడుగుపెట్టినా అది ఎవరిదో ఒకరి స్థలమే. అద్దెలు కట్టీ కట్టీ ఆయన దొంతర కరిగిపోయింది. అంత పొట్టి దొంతర ఆయన ముందు ఎన్నడూ లేదు.

"ఏమండీ, పోయినేడు ఒక్కసారి ఓడిపోయి వారమంతా మాతో మాట్లాడలేదు, గుర్తుందా?" భార్య బెదురుగా అడిగింది.

"అది ఓడిపోవడం కాదు. పాచికలు సరిగ్గా పడలేదు."

ఈరోజు ఆయనకు గెలుపు మీద ధ్యాస లేదు. కొట్లో అరలు చూసినట్టు అన్ని దొంతరలనూ ఒక్క చూపులో కొలిచి, మంచినీళ్లు తాగొస్తానని లేచాడు. వంటింటి గుమ్మం దాటి, గోడచాటున నిలబడి, గ్లాసు పెదవులకు ఆనించాడు. గుక్క మాత్రం వెయ్యలేదు.

బయట గుసగుస. "తొందరగా!" భార్య గొంతు.

టక్!

కాసేపటికి ఇంకో టక్. ఆ వెంటనే మూడోది.

ఒక్క దొంగనుకుంటే ఇంటిల్లిపాదీ దొంగలే! అయినా లోలోపల గర్వం పొంగింది. తన చెవి పొరపడలేదు. జేబులో తాళాల మీద పిడికిలి బిగించి ఒక్క అంగలో వచ్చిపడ్డాడు.

"ఎవరూ కదలొద్దు!"

ముందు బల్ల మధ్యనున్న ఆట బ్యాంకు దొంతర చూశాడు. ఉన్నదున్నట్టే ఉంది. అల్లుడిది చూశాడు. ఒక బిళ్ల తగ్గింది. తగ్గడమేంటి? భార్యదీ తగ్గింది. కూతురిదీ తగ్గింది. అల్లుడు తల వంచుకున్నాడు.

షావుకారు చూపు మెల్లగా తన కుర్చీ ముందుకు వచ్చి ఆగింది. తాళాల మీద పిడికిలి వదులైంది.

పెరిగింది ఆయన దొంతర ఒక్కటే.