తిట్లు తినే పెద్దాయన

ఆసుపత్రికి ఎక్కే మలుపులో, గేరు ముందుకే వేసి ఉండగా, చిగుసా నడుపుతున్న కారు వెనక్కి జారింది.

పక్క సీట్లో ఉన్న భర్త తెత్సురో డాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాడు.

హ్యాండ్ బ్రేకు లాగేసరికి చిగుసా పైప్రాణాలు పైనే పోయాయి.

తెత్సురోకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించకపోతే మనిషి దక్కడు. నాగసాకిలో ఆసుపత్రి కట్టడానికి కొండ మీదే చోటు దొరికింది మరి.

షోరూమ్ వాళ్ళు గేర్‌బాక్స్ బాగుచేసి ఇచ్చింది మొన్ననే.

డయాలసిస్ కాగానే భర్తని టాక్సీలో ఇంటికి పంపి, చిగుసా నేరుగా షోరూమ్‌కి వెళ్ళింది.

“మా పరీక్షలో ఏ లోపమూ కనబడలేదండీ,” అన్నాడు కారు చూసొచ్చిన సర్వీస్ మేనేజర్ మత్సుజాకి.

“మరి వెనక్కి ఎందుకు జారుతోంది?”

“బహుశా మీరు యాక్సిలరేటర్ మెల్లగా నొక్కి ఉంటారు.”

“పెళ్ళయినప్పటి నుంచీ ఈ కొండల మీదే నడుపుతున్నాను. ఇప్పుడు కొత్తగా నొక్కడం మర్చిపోయానంటారా?”

“అబ్బే, అలా అనలేదండీ. మీకు కలిగిన ఇబ్బందికి మాత్రం ఎంతో విచారిస్తున్నాం.”

అంటూ నడుం వంచి దండం పెట్టాడు.

ఇబ్బందికి విచారమట! తప్పు మాత్రం లేదట! చిగుసాకి ఒళ్ళు మండిపోయింది.

విసవిసా బయటికొచ్చి కారు తలుపు తీయబోతుంటే, నల్ల కోటు వేసుకున్న ఒక పెద్దాయన ఎదురొచ్చాడు.

ఆయన మేనేజర్ కంటే కిందికి వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవలేదు.

“క్షమించమ్మా. తప్పు మా వైపే జరిగింది. ఈ కారు మళ్ళీ కొండ ఎక్కించకమ్మా, నీకు పుణ్యముంటుంది.”

చిగుసా తెల్లబోయింది.

“మీ మేనేజరేమో ఏ తప్పూ లేదంటున్నాడు!”

“ఉందమ్మా.”

“అయితే లోపలికి రండి. ఆ మాట ఆయన ముందు చెప్పండి.”

“చెప్పాల్సింది నేను కాదు. ఒక్క రెండు రోజులు ఓపిక పట్టు.”

ఇదెక్కడి గొడవ? ఒకడు లేదంటాడు, ఇంకొకడు ఉందంటాడు. ఉందన్నవాడు చెప్పనంటాడు. చిగుసాకి బుర్ర తిరిగిపోయింది.

ఇంటికొచ్చి చెబితే తెత్సురో పకపకా నవ్వాడు.

“పిచ్చి మొహమా, ఆయన ఉద్యోగమే అది. కోపంగా వచ్చినవాళ్ళ దగ్గర తిట్లు తినడానికి రిటైరైన ముసలాళ్ళని పెట్టుకుంటారు. మా కంపెనీలోనూ ఒకాయన ఉండేవాడు. వంగీ వంగీ చివరికి నడుం పట్టేసింది పాపం!”

అంతే అయ్యుంటుందని చిగుసాకీ అనిపించింది.

మళ్ళీ డయాలసిస్ రోజు వచ్చింది. పొద్దున్నే తలుపు తీస్తే గేటు ముందు అదే పెద్దాయన! పక్కన పాత చిన్న కారు.

“మీ ఆయన్ని ఆసుపత్రికి నేను తీసుకెళ్తానమ్మా. కారు బాగయ్యేదాకా ప్రతిసారీ వస్తాను.”

“ఓహో! ఇలా మంచి చేసుకుని నా నోరు మూయిద్దామనా? ఎవరు పంపారు మిమ్మల్ని?”

“ఎవరూ పంపలేదు.”

“ఈ వయసులో అబద్ధాలు కూడానా? ఆ రోజు కారు కాస్త ఆగకపోయి ఉంటే మేమిద్దరం లోయలో ఉండేవాళ్ళం! మీ కంపెనీకి సిగ్గు లేదు, మీకూ లేదు. తిట్లు తినడానికేగా జీతం తీసుకుంటున్నారు, తినండి!”

“తిట్టమ్మా. తిట్టాల్సిందే.”

ఎదుటివాడు ఇంత శ్రద్ధగా తింటుంటే తిట్టేవాళ్ళకి మాత్రం ఎక్కడ ఊపు వస్తుంది? చిగుసా టాక్సీ పిలిచింది.

టాక్సీ మలుపు తిరిగేదాకా ఆయన వంగే ఉన్నాడు. అది అద్దంలో చూసి ఆమెకి ఎందుకో మనసు చివుక్కుమంది.

“మరీ అంత మాట అనకుండా ఉండాల్సింది,” అన్నాడు తెత్సురో.

“ఉద్యోగమని చెప్పింది మీరేగా?” అని కసిరింది చిగుసా.

మర్నాటి సాయంత్రం షోరూమ్ నుంచి ఫోనొచ్చింది. ఒక్కసారి దయచేయమంటే చిగుసా వెంటనే వెళ్ళింది.

“తప్పు మాదేనండీ,” అన్నాడు మత్సుజాకి. “గేర్‌బాక్స్‌లో నూనె ఆపే సీలు ఒకటి తిరగేసి బిగించాం. కొత్త గేర్‌బాక్స్ వేసిస్తాం.”

“మొన్న కనబడనిది ఇవాళ ఎలా కనబడింది?”

మత్సుజాకి మళ్ళీ నడుం వంచాడు, అంతే.

గెలిచింది. ఇక కొండ ఎక్కాలంటే భయం లేదు. సంతోషించాల్సిన చోట చిగుసాకి అయోమయమే మిగిలింది.

కౌంటర్ దగ్గర నోదా అనే అమ్మాయి ఉంది.

“మీ దగ్గర తిట్లు తినే పెద్దాయన ఉన్నారు కదా, ఒకసారి పిలుస్తారా? ఆయన మీద నోరు పారేసుకున్నాను. తప్పు ఒప్పుకుని వెళ్తాను.”

“అలాంటివాళ్ళు మా దగ్గరెవరూ లేరండీ!”

“నల్ల కోటు, తెల్ల జుట్టు. మొన్న మీ షోరూమ్ బయటే కలిశారు.”

నోదా మేనేజర్ గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

“మీ కారు చేసిన మెకానిక్‌ని మేనేజర్ నోరు విప్పొద్దన్నారండీ. అయినా నిన్న అతను అందరి ముందూ తప్పు ఒప్పేసుకున్నాడు. అక్కడికక్కడే ఉద్యోగం పోయింది. ఇవాళ పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదు.”

“అయ్యో పాపం! కానీ నేనడిగింది ఆ పెద్దాయన సంగతి.”

“అదేనండీ చెబుతున్నాను. ఆ మెకానిక్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిజం చెప్పించింది ఆయనే, వాళ్ళ నాన్న.”