బెత్తెడు పదును

ఆరుద్ర కార్తెలో మా చేనికి వానొచ్చింది. తెల్లారగానే నేనూ, నా మనవరాలు సుంకులూ ఊరి విత్తనాల పెట్టె కాడికి పోయినాము. ఇంట్లో విత్తనం దాచుకోకూడదని చట్టమొచ్చినాక అందరికీ ఆ పెట్టే దిక్కు. వాన లెక్క కుదిరితేనే అది తెరుచుకుంటుంది.

"ఇది నూట డెబ్బై ఆరో రోజు. వాన ఎంత?" అని అడిగింది పెట్టె. లోకమంతా ఒకటే తేదీ, ఒకటే కొలత అయిపోయినాయి గదా, కార్తె పేరు చెబితే దానికి తెలీదు.

"బెత్తెడు పదును దిగింది సామీ," అన్నాను.

"ఎవరి బెత్తెడు?"

నా చెయ్యి చూపించినాను. మా నాయన గుంత తవ్వి, చెయ్యి అడ్డం పెట్టి, నాలుగు వేళ్ల తడి కనబడితేనే చెనక్కాయలు విత్తేవాడు. నలభై పంటలు అట్లే పండించినాడు.

"చేతులు తలా ఒక తీరు. చెల్లదు. పట్నం లెక్కలో వాన సున్నా."

"పట్నంలో పడకపోతే మా చేను తడవలేదా, మొద్దు మొకమా!" అని సుంకులు తిట్టింది.

"తనిఖీకి నూట ఎనభై ఎనిమిదో రోజు మనిషి వస్తాడు," అనింది పెట్టె.

పన్నెండు రోజులూ ఎండ కాసింది. ఆ మనిషి వచ్చి, చేను చూడకుండా, నా చెయ్యి కొలిచి, ఏడున్నర సెంటీమీటర్లని ఎక్కించుకున్నాడు.

పెట్టె తెరుచుకుంది. "తేదీ, కొలత సరిపోయినాయి," అనింది.

"నీ చెయ్యి చెల్లింది లే అవ్వా," అంటూ సుంకులు విత్తనాల మూట ఎత్తుకుంది. చేలో వంగి, మట్టిలోకి వేళ్లు గుచ్చింది.

గోరు కూడా దిగలేదు.